సీనియారిటీ తెలియని లెక్కల పెట్టె

మా శ్రవణ సహాయ మండలి పని వినబడనివాళ్ళకి వినబడేలా చేయడం. జిల్లా నలుమూలల నుంచీ జనం వస్తారు. డాక్టర్లు చెవులు పరీక్షించి మిషన్లు అమరుస్తారు, కింద కౌంటర్లలో ధ్రువపత్రం చేతికిస్తారు. ఇదంతా సక్రమంగా జరిగే రోజులు కూడా ఏడాదిలో కొన్ని ఉంటాయి. 'చెవిటివాడి ముందు శంఖం' అన్న సామెతను మండలి ఆవరణలో ఎవరూ వాడరాదని ఒక సర్క్యులర్ ఉంది. అది ప్రజల మనోభావాల కోసమని పైవాళ్ళంటారు. ఎవరో మా ఆఫీసర్లని ఉద్దేశించి అన్నాకే అది వచ్చిందని కిందవాళ్ళంటారు.

నా పేరు బొడ్డేపల్లి హైమావతి. ఈ మండలిలో ఔట్‌సోర్సింగ్ నెట్‌వర్క్ ఇంజనీరుని. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూడడం నా ఉద్యోగం. మనుషుల సంగతి నా పరిధిలోకి రాదు.

కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ఒక్కోదానికి ఒక్కో చిరునామా ఉండాలి. విజయనగరంలో ఈ కొత్త భవనానికి మారినప్పుడు తొందరలో యంత్రాలన్నిటినీ ఒకే వీధిలో కుక్కేశారు. కంప్యూటర్లు, ప్రింటర్లు, గోడ టీవీలు, ఆఖరికి డైరెక్టరు గారి గదిలో చేపల తొట్టె నీళ్ళ వేడి చూసే మిషనుతో సహా అన్నీ అక్కడే కాపురం. ఇళ్ళు చాలక, మూడో కౌంటరు కంప్యూటర్‌కీ చేపల తొట్టెకీ ఒకే చిరునామా తగిలించేశారు. ఒకే ఇంట్లో రెండు కాపురాలుంటే ఏమవుతుందో అదే అయింది. చేపలు వెచ్చగా ఉన్నాయా లేదా అని ఆ మిషను ఆరా తీసినప్పుడల్లా మూడో కౌంటరు మూగబోయేది. డైరెక్టరు గారికి చేపల మీద ప్రేమ అంతా ఇంతా కాదు, ఆరా తీయడం రోజంతా సాగేది.

ఆ మూడో కౌంటరు దగ్గర చిక్కుకున్న మనిషి కోరాడ పైడిరాజు. బస్సు కండక్టరు. చెవి మందగించి, ఒక ముసలావిడ "ఆపండర్రా" అని ఎంత అరిచినా వినబడక, ఆవిడని రెండు ఊళ్ళు దాటించేశాడు. డిపోవాళ్ళు ఆయన్ని బస్సు దింపేశారు. మా డాక్టరు ఆయనకి మిషను అమర్చి, పరీక్షించి, 'చక్కగా వినబడుచున్నది' అని కంప్యూటర్‌లో రాసేశారు. మిగిలింది ఆ కాగితం తీసి ఇవ్వడమే. ఉద్యోగుల కాగితాలు తీసేది ఒక్క మూడో కౌంటరే. నెలాఖరులోగా కాగితం చూపించకపోతే పైడిరాజుని కండక్టరు పనిలోంచి శాశ్వతంగా తీసి బస్సులు కడిగే పనిలో వేస్తామని డిపోవాళ్ళు రాసిచ్చారు.

"బస్సులు కడగడం తప్పు పనని కాదు మేడం," అన్నాడు నాతో. "ఇరవయ్యేళ్ళు జనంతోటి మాటాడినోణ్ణి. ఇప్పుడు బస్సుతోటి ఏటి మాటాడతాను, సెప్పండి?"

నాకు నిజంగానే మనసు చివుక్కుమంది. ఇది పెద్ద జబ్బేమీ కాదు. వీధిని రెండు మూడు వీధులుగా చీల్చి, కౌంటర్లకి విడిగా ఒకటి ఇస్తే సరి. దీన్ని మా భాషలో సబ్‌నెట్ అంటారు. ఏ వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో లెక్క కట్టాలి, అంతే. ఆ లెక్క నేను కాగితం మీద కట్టగలను. కానీ చేతి లెక్కలు చెల్లవని, యంత్రగణితం జతపరచవలెనని ఒక సర్క్యులర్ ఉంది. పోనీ ఇంటర్నెట్‌లో లెక్క కట్టే సైట్లు బోలెడున్నాయి. మండలి చిరునామాలు బయటి సైట్లకు చెప్పరాదని ఇంకో సర్క్యులర్ ఉంది. అంటే నాకు కావలసింది ఆఫీసు కంప్యూటర్‌లోనే కూర్చుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా లెక్క చేసే చిన్న సాధనం.

వెతికాను. టీ చల్లారకముందే దొరికింది. అరచేతిలో ఇమిడేంత చిన్న కిటికీ తెరుచుకుంటుంది. చిరునామా కొడితే చాలు, ఈ వీధిలో మొత్తం స్థలాలు రెండు వందల యాభై ఆరు, కాపురానికి పనికొచ్చేవి రెండు వందల యాభై నాలుగు, ఇక్కడ చీల్చుకో, అక్కడ ఆపుకో అని గడగడా చెప్పేస్తుంది. పైగా ఉచితం. పిట్ట కొంచెం కూత ఘనం అనుకుని, మురిసిపోయి, ఆ లెక్క అచ్చు తీసి, 'చిరునామాల కేటాయింపు' అని ఫైలు పెట్టాను.

మా మండలిలో కేటాయింపు ఏదైనా సరే ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్ వేదుల పేరిశాస్త్రి గారి బల్ల మీదకి వెళ్ళాలి. ఆయన సర్వీసంతా ఉద్యోగులకి క్వార్టర్లు కేటాయించడంలోనే గడిచింది. ఏ క్వార్టరులో ఏ కుళాయి కారుతుందో ఆయనకి కంఠతా వచ్చు. ఒక్క రూపాయి లంచం తినలేదు, ఒక్క నిబంధన వదల్లేదు. ఈ రెండో గుణం వల్ల కొందరికి మొదటి గుణం మీద కూడా కోపం.

శాస్త్రిగారు నన్ను పిలిపించారు.

"ఏమ్మా హైమావతీ, కేటాయింపు అన్నాక సీనియారిటీ ఉండాలి. ఈ లెక్కల పెట్టెకి సీనియారిటీ జాబితా ఎక్కించావా?"

"అది లెక్క మాత్రమే కడుతుందండీ. ఎవరు ఎవరికన్నా పెద్దో దానికి తెలీదు."

"తెలియనిదాన్ని నమ్మి కేటాయింపులు ఎలా చేస్తాం? సరే, ఇక్కడేమిటి, మొత్తం రెండు వందల యాభై ఆరు అంటోంది, పనికొచ్చేవి రెండు తక్కువంటోంది. ఆ రెండూ ఎవరి స్వాధీనంలో ఉన్నాయి?"

"ఎవరికీ ఇవ్వకూడదండీ. మొదటిది సున్నా, అది వీధి పేరు. ఆఖరిది వీధంతటికీ ఒకేసారి కేక వేయడానికి."

శాస్త్రిగారు కళ్ళజోడు తీశారు. "రెండు క్వార్టర్లు ఆక్రమణలో ఉన్నాయని నువ్వే ఒప్పుకుంటున్నావు," అన్నారు. ఫైలు పట్టుకుని ఆయన ముందు, నేను వెనక, డైరెక్టరు చిదంబరేశ్వరరావు గారి గదికి వెళ్ళాం.

డైరెక్టరు గారు తొట్టెలో చేపలకి మేత వేస్తూ ఫైలు విన్నారు. ఆయన ఫైళ్ళు చదవరు, వింటారు. శ్రవణ మండలికి అది శోభ అని ఆయన నమ్మకం.

"సున్నాతో మొదలయ్యే పక్షంలో, సంస్థాధిపతిగా ఆ సున్నా నాకు చెందడం సముచితం," అన్నారు.

"సార్, సున్నా అంటే వీధి పేరు. వీధి పేరులో ఎవరూ కాపురం ఉండలేరు."

"మహనీయుల పేర్లే కదమ్మా వీధులకి పెడతారు. నేనుంటే తప్పేమిటి? సరే, పట్టుబట్టను. ఒకటో నంబరు ఇవ్వండి."

"ఒకటి రౌటర్‌కి ఇచ్చాం సార్. వీధిలోంచి బయటికి వెళ్ళే దారి చూపించే మిషను అది."

"దాని కేడర్ ఏమిటి?"

"కేడర్ లేదు సార్. మెట్ల కింద ఉంటుంది."

"మెట్ల కింద ఉండేదానికి ఒకటో నంబరు, మూడో అంతస్తులో ఉండే నాకు రెండో నంబరు. ఇదీ మీ ఉపకరణం ఇచ్చిన తీర్పు," అని చేపల వైపు తిరిగారు. చేపలకి కూడా నచ్చలేదన్నట్టు చూశారు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. 'సదరు ఉపకరణము కార్యాలయ మర్యాదలకు అనువుగా లేనందున, అనువైన లెక్కల ఉపకరణమును అన్వేషించుటకై ఒక సంఘమును నియమించడమైనది. అంతవరకు ఏ యంత్రపు చిరునామాను కదిలించరాదు.' సంఘానికి శాస్త్రిగారు కన్వీనరు. నేను మాట్లాడే హక్కు లేని సభ్యురాలిని.

మొదటి సమావేశంలోనే ఉపకరణం అర్హతలు తేలిపోయాయి. దానికి సీనియారిటీ తెలిసి ఉండాలి. ఏ చిరునామానీ 'పనికిరాదు' అని కించపరచకూడదు. జవాబు చెప్పేముందు పై అధికారి అనుమతి అడగాలి. మధ్యాహ్నం భోజన విరామంలో లెక్కలు చేయకూడదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అలాంటి ఉపకరణం దొరికితే దాన్ని ఎవరి గదిలో ఉంచాలన్న దాని మీద మిగతా సమావేశమంతా నడిచింది.

ఈలోగా శాస్త్రిగారు తనకి తెలిసిన పద్ధతిలో కాగితం మీద కేటాయింపులు మొదలుపెట్టారు. విభాగానికో వీధి కావాలన్నారు. జీతాల విభాగంలో ముప్ఫై మూడు మంది ఉన్నారు.

"వాళ్ళకి అరవై నాలుగు స్థలాల వీధి ఇవ్వాలండీ," అన్నాను, హక్కు లేకపోయినా.

"ముప్ఫై మూడు మందికి అరవై నాలుగా! పక్షపాతం అంటారు. నలభై చెయ్యి."

"నలభై ఉండదండీ. పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు, ఇలా రెట్టింపే అవుతుంది."

"ఎవరు నిర్ణయించారు?"

"ఎవరూ కాదండీ. లెక్కే అంత."

"లెక్క కూడా ఒకరి కింద పనిచెయ్యాలి కదమ్మా," అన్నారాయన ఓపిగ్గా. "సడలింపు కోరుతూ పై స్థాయికి రాద్దాం. జవాబు వచ్చేదాకా నలభై అని వేసుకో."

అర్జీలు వెల్లువెత్తాయి. ఎనిమిదో నంబరు తనకి అచ్చిరాదని ఒకాయన. పక్క నంబరువాళ్ళతో మాటల్లేవని ఒకావిడ. కర్నూలుకి బదిలీ అయిపోయిన డిప్యూటీ డైరెక్టరు, పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఇక్కడి చిరునామా అట్టిపెట్టుకోనివ్వాలని దరఖాస్తు పెట్టారు. ఆయన కంప్యూటర్ ఆయనతోనే కర్నూలు వెళ్ళిపోయింది. అయినా క్వార్టర్ల నిబంధనల్లో పిల్లల చదువులకి వెసులుబాటు ఉంది కాబట్టి శాస్త్రిగారు మంజూరు చేశారు. పిల్లలంటే ఆయనకి జాలి.

కింద మూడో కౌంటరు దగ్గర మాత్రం ఎవరికీ జాలి మంజూరు కాలేదు. పైడిరాజు రోజూ మొదటి బస్సుకి వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. కౌంటరులో పనిచేసే మంగతాయారు నన్ను చూస్తే చాలు కస్సుమనేది.

"ఏటి మేడం మీ ఇంజనీరింగు? ఆయన కాయితం తెర మీదకి వస్తాది, ప్రింటు నొక్కేసరికి పోతాది. పొద్దున్నుంచి పదిసార్లు ఆయనకి వస్తంది వస్తంది అని సెప్పి నా గొంతు ఎండిపోనాది."

పైడిరాజు పలకలేదు. చూస్తే చెవిలో మిషను లేదు. నేను చెయ్యి ఊపితే, జేబులోంచి తీసి పెట్టుకున్నాడు.

"ఈడ ఇనడానికేటున్నాది మేడం? బేటరీ దండగ," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేను వినడం అదే మొదలు. "నెలాకరు వచ్చీసింది. డిపోలో నా సోటుకి కుర్రోణ్ణి సూసీసినారంట. మా ఇంటిదానికి ఇంకా సెప్పలేదు. రోజూ కేరేజీ కట్టి డూటీకే పంపుతంది."

నాకు ఒళ్ళు మండింది. తిన్నగా మూడో అంతస్తుకి వెళ్ళి, "సార్, ఒక్క గంట చేపల తొట్టె మిషను ఆపండి, కింద ఒక మనిషి ఉద్యోగం నిలబడుతుంది," అన్నాను.

డైరెక్టరు గారు నొచ్చుకున్నారు. "మూగజీవాలమ్మా అవి. నోరున్నవాళ్ళు ఎలాగో బతుకుతారు. అయినా సంఘం పరిశీలనలో ఉన్న అంశంలో నేను జోక్యం చేసుకోవడం ప్రజాస్వామ్యం కాదు."

మెట్లు దిగుతూ శాస్త్రిగారి గది ముందు ఆగాను. ఆయన సీనియారిటీ ప్రకారం కేటాయింపుల తుది ఉత్తర్వు రాస్తున్నారు. దస్తూరీ ముత్యాల్లా ఉంది. నేను ఏ దురుద్దేశమూ లేని మొహం ఒకటి తగిలించుకుని లోపలికి వెళ్ళాను.

"శాస్త్రిగారూ, చిన్న సందేహం. ఈ చిరునామాలకి అన్నీ క్వార్టర్ల నిబంధనలేనా?"

"తు.చ. తప్పకుండా. అన్నీ వర్తిస్తాయని మొదటి పేరాలోనే రాశాను."

"క్వార్టరు తీసుకున్నవాళ్ళకి ఇంటద్దె భత్యం ఇస్తారాండీ?"

శాస్త్రిగారి కలం ఆగింది. ఆయన నా వైపు చూడలేదు, గోడ వైపూ చూడలేదు. నిబంధన వైపు చూశారు. అది ఆయనకి ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది.

"ఎంతమాట గుర్తుచేశావమ్మా," అన్నారు మెల్లగా. "ఇవ్వకూడదు."

ఆ సాయంత్రమే సర్క్యులర్ వెళ్ళింది. 'మండలి చిరునామా కేటాయింపబడిన ఉద్యోగులందరికీ, వారు చిరునామా స్వాధీనము చేసుకున్న తేదీ నుండి ఇంటి అద్దె భత్యము నిలుపుదల చేయబడును.'

తెల్లారి ఆఫీసుకి వచ్చేసరికి శాస్త్రిగారి గది ముందు వరస మెట్ల దాకా ఉంది. రేషను కొట్టు దగ్గర కూడా అంత క్రమశిక్షణ చూడలేదు. అందరి చేతుల్లో అవే కాగితాలు. 'నాకు కేటాయించిన చిరునామాను స్వచ్ఛందముగా ఖాళీ చేయుచున్నాను.' ఎనిమిదో నంబరాయన, పక్కవాళ్ళతో మాటల్లేని ఆవిడ, ఇద్దరూ కబుర్లాడుకుంటూ నిలబడ్డారు. కర్నూలు డిప్యూటీ డైరెక్టరు పిల్లల పరీక్షలు ఒక్కరాత్రిలో అయిపోయాయని ఫోన్ చేశారు. సీనియారిటీ ప్రకారం మొదటి కాగితం డైరెక్టరు గారిదే. శాస్త్రిగారు పరిశీలించి, చేపలు కుటుంబ సభ్యుల కిందికి వస్తాయి కాబట్టి తొట్టె కూడా ఖాళీ చేయక తప్పదన్నారు. డైరెక్టరు గారు చేపల వైపు ఒకసారి, జీతం చీటీ వైపు ఒకసారి చూసి, "నీళ్ళ ఉష్ణోగ్రత చేత్తో చూసుకుంటాను," అన్నారు.

మధ్యాహ్నానికి వీధి మొత్తం ఖాళీ. గాలి ఈలవేసుకుంటూ తిరగొచ్చు.

"శాస్త్రిగారూ, ఇన్ని ఖాళీ ఇళ్ళు పాడుపడిపోవూ?" అన్నాను.

"ఖాళీ క్వార్టర్లలో కాపలాకి మనుషుల్ని పెట్టవచ్చు. నిబంధన ఉంది. కానీ భత్యం అందుకునేవాళ్ళెవరూ ఒప్పుకోరే."

"కౌంటర్లవాళ్ళందరూ ఔట్‌సోర్సింగేనండీ. మాకు భత్యం లేదు కాబట్టి పోయేదీ లేదు."

ఆయన మొహం విప్పారింది. "దివ్యంగా ఉంది. కాపలావాళ్ళకి సీనియారిటీ కూడా ఉండదు కాబట్టి, సీనియారిటీ తెలియని నీ లెక్కల పెట్టె ఈ మాత్రం పనికి చాలు. వాడుకో."

పరుగెత్తాను. నా చిన్న కిటికీ తెరిచి, కౌంటర్లకో వీధి గీసి, ఇళ్ళు పంచాను. మూడో కౌంటరు కంప్యూటర్ తన సొంత ఇంట్లో మొదటిసారి నోరు విప్పింది. మంగతాయారు ప్రింటు నొక్కింది. పైడిరాజు కాగితం తెర మీద కదలకుండా నిలబడింది. ఆ పక్కన ఎర్ర అక్షరాలతో ఒక మాట వచ్చింది: 'డైరెక్టరు గారి డిజిటల్ సంతకము లేదు.'

డైరెక్టరు గారికి చిరునామా లేదు. చిరునామా లేని కంప్యూటర్ మీంచి సంతకం రాదు. చిరునామా పుచ్చుకోమంటే ఆయనకి భత్యం పోతుంది. మర్నాడే నెలాఖరు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలని అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

"ఏటైనాది మేడం?" అన్నాడు పైడిరాజు. చెప్పాను. ఆయన తిట్టలేదు. "పోన్లెండి, మీరు మాత్రం ఏటి సేస్తారు," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

మళ్ళీ శాస్త్రిగారే దిక్కు. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని తన నిబంధనల్లో అటూ ఇటూ తిరిగి వచ్చారు.

"గెస్ట్ హౌస్," అన్నారు. "పని మీద వచ్చిన అధికారి గెస్ట్ హౌస్‌లో కొద్దిసేపు బస చేస్తే అది క్వార్టరు కిందికి రాదు. భత్యానికి ఢోకా లేదు. కాకపోతే ఆయన బయటినుంచి వచ్చిన మనిషి అయి ఉండాలి."

అతిథుల కోసం ఒక చిన్న వీధి గీశాను. డైరెక్టరు గారు తన సొంత గదిలో, తన సొంత కుర్చీలో, బయటినుంచి వచ్చిన అతిథిగా కూర్చున్నారు. శాస్త్రిగారు ఆయనకి స్వాగతం చెప్పి మంచినీళ్ళు తెప్పించారు. "మీ మండలి బాగుందండీ," అన్నారు డైరెక్టరు గారు చుట్టూ చూస్తూ, పాత్రలో లీనమైపోయి. కింద పేరుకుపోయిన కాగితాలన్నిటి మీదా గబగబా సంతకాలు పెట్టి, భత్యానికి ముప్పు రాకముందే లేచి వెళ్ళిపోయారు.

పైడిరాజు కాగితం వేడివేడిగా బయటికి వచ్చింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, నా చేతులు రెండూ పట్టుకుని ఊపేసి, ఆఖరి బస్సుకి పరుగు తీశాడు. కాగితం అడుగున చిన్న అక్షరాలతో 'సంతకము చేసినవారి స్థానము: అతిథి' అని పడిందని నేను గమనించేసరికి ఆయన మలుపు తిరిగిపోయాడు.

మర్నాడు పదిన్నరకి ఫోన్ మోగింది. డిపోలో హెడ్ గుమస్తా.

"ఏమ్మా, కోరాడ పైడిరాజు అని మా కండక్టరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. అంతా బాగానే ఉంది గానీ, సంతకం చేసింది అతిథి అని ఉందేమిటి? అతిథుల సంతకాలు మేం ఎలా ఒప్పుకుంటాం? మీ డైరెక్టరు గారు పెట్టాలి కదా?"

ఫోన్‌లో ఆయన వెనకనుంచి బస్సుల రొద వినబడుతోంది. ఆ రొదలో ఎక్కడో పైడిరాజు నిలబడి ఉంటాడు, చెవిలో మిషను పెట్టుకుని, ఈ గుమస్తా ఏమంటాడో వింటూ. అబద్ధం ఏదైనా తడుతుందేమోనని చూశాను. ఒక్కటీ తట్టలేదు.

"ఆ అతిథే మా డైరెక్టరు గారండీ," అన్నాను.

"అంటే? ఆయన ఆఫీసులో ఆయనే అతిథా?"

"అవునండీ."

అవతలినుంచి పెద్ద నిట్టూర్పు వినబడింది.

"మా మేనేజరు గారూ అంతేనమ్మా. వచ్చినప్పుడే దర్శనం," అన్నాడాయన. దభీమని స్టాంపు పడిన చప్పుడైంది. "ఒరే పైడిరాజూ, పదకొండు గంటల బస్సుకి కండక్టరు లేడు. ఎక్కు."

ఫోన్ పెట్టేసి, ఇంజనీరునన్న సంగతి మరిచిపోయి, మంగతాయారుని వాటేసుకున్నాను.